మంగతాయారు లేచి వెళ్తేనే నవ్వినట్టు

నవారు, నాడాల అభివృద్ధి సంస్థలో నవ్వు తప్పనిసరి చేసిన రోజున మంగతాయారు ముదురు నీలం చీర కట్టుకొచ్చింది కాబట్టి సరిపోయింది గానీ, లేత రంగు చీరైతే ఈ కథ ఆ పూటే అయిపోయేది.

సంస్థ గురించి ముందు ఒక్క మాట. జనం నవారు మంచాల మీద పడుకోవడం మానేసి ఓ తరం అయింది. అయినా విజయవాడలో మూడంతస్తుల భవనంలో కూచుని ఈ సంస్థ నవారునీ, లంగాల్లోకి దూర్చే నాడానీ అభివృద్ధి చేస్తూనే ఉంది. ఎంత అభివృద్ధి చేసినా నవారు నవారులాగే ఉండిపోవడంతో, కొత్తగా వచ్చిన ఎండీ గజేంద్రనాథ్ గారు విసుగెత్తి, పోనీ ఉద్యోగుల్ని అభివృద్ధి చేద్దామనుకున్నారు. ఆయన ఏదో కొండ మీది రిసార్టులో అధికారులకిచ్చే శిక్షణకి వెళ్ళారు. అక్కడ అందరూ గుండ్రంగా నిలబడి చేతులెత్తి నవ్వితే తనూ నవ్వారు. నవ్విన మనిషి రెట్టింపు పని చేస్తాడని అక్కడెవరో చెబితే నమ్మారు. ఆ నమ్మకాన్ని జాగ్రత్తగా కొండ దింపి ఆఫీసుకి తెచ్చారు.

సర్క్యులర్ వచ్చింది. "ప్రతి పనిదినమున ఉదయం ఉద్యోగులందరూ సమావేశ మందిరమునందు హాజరై, ఎండీ గారు చెప్పు జోకును శ్రద్ధగా ఆలకించి, ఉదర భాగము కదులునట్లుగా నవ్వవలెను. పెదవులతో మాత్రమే నవ్వుట నవ్వుగా పరిగణింపబడదు."

ఆ ఉదర భాగం దగ్గరే మంగతాయారుకి చిక్కొచ్చింది.

మంగతాయారు ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్లో సీనియర్ అసిస్టెంటు. యాభైకి దగ్గరపడింది. రెండో కాన్పు తర్వాత ఎప్పుడైనా గట్టిగా దగ్గితే ఓ చుక్క పడేది. తర్వాత తుమ్మినా పడేది, బిందె ఎత్తినా పడేది, ఇప్పుడు నవ్వితే చాలు, చుక్క అనే మాట దానికి సరిపోవడం మానేసింది. ఆవిడ ఎవరికీ చెప్పలేదు. నీళ్ళు తాగడం తగ్గించింది. జలుబు చేసినవాళ్ళ పక్కన కూచోవడం మానేసింది. పెళ్ళికెళ్తే తలుపు పక్క కుర్చీ, సినిమాకెళ్తే ఏడుపు సినిమా, బీరువా నిండా ముదురు రంగు చీరలు. నవ్వొచ్చే చోటికి వెళ్ళకుండా బతకడం ఎంత పెద్ద ఉద్యోగమో ఆవిడకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదు.

పక్క సీటు షమీమ్‌కి మాత్రం తెలుసు. చెప్పక తప్పలేదు, ఎందుకంటే షమీమ్ నోరు విప్పితే నవ్వాపుకోవడం ఎవరి వల్లా కాదు.

"నాతో మాట్లాడకే తల్లీ, నీకు పుణ్యం ఉంటుంది" అనేది మంగతాయారు.

"నేనేం అన్నానక్కా. పర్సనెల్ మేనేజర్ గారి చొక్కా మన నవారుతో కుట్టించినట్టుంది అన్నా, అంతేగా."

మంగతాయారు అప్పటికే కారిడార్ చివర బాత్రూం వైపు సగం దూరంలో ఉండేది.

మొదటి రోజు అందరూ హాల్లో బారులు తీరారు. ఎండీ గారు గొంతు సవరించుకున్నారు. "ఒకాయన మన షోరూంకి నవారు కొందామని వచ్చి, నాడా కొనుక్కుని వెళ్ళాడు" అన్నారు.

అంతా ఎదురు చూశారు. జోకు అంతేనని తెలియడానికి కొంచెం టైం పట్టింది. తెలిశాక విరగబడి నవ్వారు. ఇంకా పర్మినెంటు కానివాళ్ళు గోడకి చేరగిలబడిపోయారు, ఒకాయన కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నాడు. మంగతాయారు పెదాలు బిగించి, చచ్చిపోయిన మేనమామని తలుచుకుంటూ నిలబడింది. సరిగ్గా అప్పుడే షమీమ్ చెవి దగ్గరికి వంగి, "పాపం ఆయన రాత్రికి మంచానికి ఆ నాడాయే అల్లుకుని పడుకునుంటాడక్కా" అంది.

మంగతాయారు నవ్వింది. ఆ వెంటనే హాల్లోంచి పరిగెత్తింది.

మర్నాడు పర్సనెల్ మేనేజర్ అవధాని గారు పిలిపించారు. షమీమ్ చెప్పిన చొక్కా ఈయనదే. "ఎండీ గారు జోకు వచించిన దరిమిలా తాము సభామర్యాదను ఉపేక్షించి నిష్క్రమించినట్లు మా దృష్టికి వచ్చినది" అన్నారు. ఆయన ఇంట్లో ఉప్మా అడిగినా ఇలాగే అడుగుతారని ఆఫీసులో వాడుక.

మంగతాయారు ఇక దాచదలుచుకోలేదు. అసలు ఆవిడ అప్పటికే డాక్టర్ వసుంధర దగ్గరికి వెళ్ళొచ్చింది. డాక్టరు ముందు నెలల తరబడి కింది కండరాలు బిగించి వదిలే వ్యాయామం చేయించి, అది చాలదని తేల్చి, ఆపరేషన్ గురించి చెప్పింది. "చిటికెన వేలంత వెడల్పు కూడా ఉండదమ్మా, మెత్తటి వల ముక్క. నాడా లాంటిదే అనుకోండి. మూత్రం వచ్చే గొట్టం కింద ఉయ్యాలలాగా వేస్తాం. నవ్వినప్పుడూ దగ్గినప్పుడూ పొట్టలోంచి ఒత్తిడి వస్తే, ఆ గొట్టానికి కింద ఆసరా దొరుకుతుంది. అరగంట పని, మర్నాడు ఇంటికెళ్ళిపోవచ్చు, కొన్ని వారాలు బరువులెత్తకూడదు. కొందరికి తర్వాత మూత్రం సాఫీగా రాదు. కొద్దిమందికి ఆ వల లోపల ఒరుసుకుంటుంది. ఇవన్నీ విని, ఇంటికెళ్ళి ఆలోచించుకుని రండి." మంగతాయారు ఆలోచించుకుంది. కావాల్సింది ఇక సెలవు, పైవాళ్ళ అనుమతి.

"నాకు నవ్వితే ఆగదండీ" అంది.

"ఏది ఆగదు?"

"మూత్రమండీ."

అవధాని గారు తల ఎత్తి ఫ్యాను వైపు చూశారు. ఫ్యాను తిరగడం లేదు. అయినా చాలాసేపు చూశారు. "దానిని ఇకమీదట సదరు ఇబ్బంది అందాం" అన్నారు చివరికి.

"ఏదన్నా అనండి. దానికో ఆపరేషన్ ఉందండీ. లోపల నాడాలాంటిది వేస్తారట. నాకు సెలవు కావాలి."

నాడా అనేసరికి అవధాని గారు ఫ్యాను మీంచి దిగొచ్చారు. ఆయన కళ్ళలో సంస్థాభిమానం కనిపించింది. "మనం నాడాల సంస్థ. మన నాడా ఉండగా మన ఉద్యోగి బయటి నాడా వాడుట సర్వీసు నిబంధనలకు విరుద్ధం కదా" అన్నారు. మంగతాయారు ఎంత మొత్తుకున్నా వినకుండా, తెల్లవీ గళ్ళవీ కలిపి ఓ అట్టపెట్టెడు నాడాలు డాక్టర్ వసుంధరకి పంపించారు. డాక్టరు ఫోన్ చేసి, "ఇవి లంగాలకి వేసుకోమనండి" అని పెట్టేసింది.

"చూశారా, మన సరుకును డాక్టరు గారు తిరస్కరించలేదు. లంగాలకు సిఫారసు చేశారు. ఇది సానుకూల స్పందన" అన్నారు అవధాని గారు.

సెలవు సంగతి అక్కడే ఆగింది. ఈలోగా పైన ఇంకో ఉపద్రవం.

ఎండీ గారికి అనుమానం మొదలైంది. ఒకరోజు ఆయన హాల్లోకి రాగానే, జోకు మొదలుపెట్టకముందే, "లిఫ్టు చెడిపోయింది" అన్నారు. అందరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. "నిజంగానే చెడిపోయింది, నేను మెట్లెక్కి వచ్చాను" అన్నారు. ఇంకా ఎక్కువ నవ్వారు. ఎండీ గారు చాంబర్లోకి వెళ్ళి తలుపేసుకున్నారు. మధ్యాహ్నం క్యారేజీ కూడా విప్పలేదట.

"ఇన్నాళ్ళూ వీళ్ళంతా అబద్ధం నవ్వు నవ్వారా అవధాని గారూ?" అని అడిగారు సాయంత్రం. "నిజం నవ్వేదో ఎలా తెలుస్తుంది? దొంగనవ్వు నవ్వేవాడికి కూడా పొట్ట కదుల్తోంది."

అవధాని గారు ఆలోచించారు. ఇరవై అయిదేళ్ళ సర్వీసులో ఆయన ఆలోచించిన సందర్భాలు తక్కువే కాబట్టి మొహం ఎర్రబడింది. "అయ్యా, అబద్ధమాడుటకు వీలులేని నవ్వు మన సంస్థలో ఒక్కటున్నది" అన్నారు.

వారం తిరక్కుండా మంగతాయారు నవ్వు నిర్ధారణ అధికారిణి అయిపోయింది.

ఏర్పాట్లు ఘనంగా జరిగాయి. ముందు వరసలో మధ్యన ఆవిడకి రెక్సిను కుర్చీ వేశారు. అక్కణ్ణుంచి బాత్రూం దాకా దారికి అడ్డంగా ఉన్న బీరువాలన్నీ తీయించారు. జోకు చెప్పాక మంగతాయారు లేచి వెళ్తే జోకు పాసైనట్టు, కూచునే ఉంటే పాసవనట్టు. ఆవిడ బాత్రూం తలుపు తీయగానే హాల్లో వేదిక మీద పచ్చ బల్బు వెలిగేలా వైరు లాగారు. బల్బు వెలిగితే అందరూ లేచి చప్పట్లు కొట్టాలి.

ఇందులో ఎండీ గారి జోకుల గొప్పేం లేదు. షమీమ్ వెనకే కూచునేది. ఆ పిల్ల ఊరుకోదు. బల్బు రోజూ వెలిగింది. నెల తిరిగేసరికి ఎండీ గారి చొక్కా రెండు సైజులు పెరిగింది.

సంగతి డాక్టర్ వసుంధరకి తెలిసి మళ్ళీ ఫోన్ చేసింది. "ఏవండీ, నవ్వు నిజమా అబద్ధమా అని దానికేం తెలుస్తుందండీ. పొట్టలో ఒత్తిడి పడితే చాలు. తుమ్మినా అంతే, దగ్గినా అంతే. కింది కండరాల వ్యాయామం కూడా చాల్లేదు. ఆవిణ్ణి ఆపరేషన్‌కి పంపండి, సోమవారం తేదీ ఇస్తున్నా. తర్వాత రెండు నెలలు నేను ఊళ్ళో ఉండను."

"అది వైద్యుల అభిప్రాయం. మాది సంస్థ అభిప్రాయం" అన్నారు అవధాని గారు. డాక్టరుతో మాట్లాడటం వల్ల ఆయనకి జ్ఞానోదయం కూడా అయింది. ఆ సాయంత్రమే ఆదేశం వచ్చింది. నవ్వు నిర్ధారణ అధికారిణి జోకుకి ముందు ఒక చెంబుడు నీళ్ళు ఎదురుగా తాగవలెను. కింది కండరాలు బిగించు వ్యాయామము చేయుట సంస్థ ఆస్తికి నష్టము కలిగించుటగా భావింపబడును.

మంగతాయారు తిన్నగా ఎండీ గారి చాంబర్లోకి వెళ్ళింది.

"సార్, సోమవారం నాకు ఆపరేషను. వదలండి."

"అమ్మా, శుక్రవారం మన హాల్లో నవ్వుల మహాసభ. మన శాఖ సెక్రటరీ గారు స్వయంగా వస్తున్నారు. అది అవగానే మిమ్మల్ని రాష్ట్రమంతా తిప్పుతాం. గోనెసంచుల సంస్థ వాళ్ళు ఇప్పటికే అడిగారు, వాళ్ళ చైర్మన్ జోకులు పరీక్ష చేయించుకోవాలట. మిమ్మల్ని బాగుచేస్తే ఇక మా దగ్గర కొలవడానికి ఏముంటుంది చెప్పండి?"

"నేను మనిషినండీ."

"కాదని ఎవరన్నారు? దేశం మొత్తమ్మీద మీలాంటి మనిషి ఇంకొకరు లేరు."

"ఉన్నారండీ" అంది మంగతాయారు. "ఇంటికొకరున్నారు. చెప్పుకోరు, అంతే."

ఎండీ గారు ఈ మాటని ఆవిడ వినయం అనుకున్నారు.

సీటుకొచ్చి మంగతాయారు బల్ల మీద తలపెట్టుకుంది. ఏడుపొస్తుందేమో అనుకుంది, రాలేదు. ఏడ్చినా పొట్ట కదుల్తుంది గదా అని ఒళ్ళే భయపడిపోయినట్టుంది.

"అక్కా, ఒకటడుగుతా" అంది షమీమ్. "వాళ్ళెవరన్నా చూశారా?"

"ఏంటి చూసేది?"

"నీకు అవ్వడం. ఎవరూ చూళ్ళేదు. వాళ్ళకి కనపడేది నువ్వు లేవడమే. బల్బుకి తెలిసేది తలుపే. శుక్రవారం నువ్వు లేవకు. ఇక పనికిరావని వాళ్ళే వదిలేస్తారు."

"లేవకపోతే తడిసి ముద్దయిపోతానే."

"అవుదువుగానిలే. నీలం చీర కట్టుకో, రెండు ప్యాడ్లు పెట్టుకో. ఒక్క పూట తడిస్తే జన్మంతా పొడిగా ఉంటావు."

మంగతాయారు ఆ పిల్ల వైపు చూసింది. నవ్వు రాలేదు. మొదటిసారి.

శుక్రవారం హాలు నిండిపోయింది. అరటి చెట్లు కట్టారు, పచ్చ బల్బుకి బంతిపూల దండ వేశారు. గోనెసంచుల చైర్మన్ కూడా వచ్చి ముందు వరసలో కూచుని మంగతాయారుని, కొనబోయే గేదెని చూసినట్టు చూశాడు. సెక్రటరీ గారు సన్నగా పొడుగ్గా ఉన్నారు, ఎక్కడికి వచ్చారో ఇంకా ఆయనకి సరిగ్గా తెలిసినట్టు లేదు. అవధాని గారు అందరి ఎదుటా చెంబు అందిస్తే మంగతాయారు గటగటా తాగింది. చెంబు ఖాళీ అవగానే ఎవరో చప్పట్లు కూడా కొట్టారు.

ఎండీ గారు మైకు ముందుకొచ్చారు. "ఒకాయన మన షోరూంకి నాడా కొందామని వచ్చి, నవారు కొనుక్కుని వెళ్ళాడు."

హాలు దద్దరిల్లింది. మంగతాయారు ఈ జోకుకి భయపడలేదు. షమీమ్‌ని ఆ రోజు కావాలనే ఆఖరి వరసలో కూచోబెట్టింది. అంతా సవ్యంగా జరిగిపోయేదే, సెక్రటరీ గారు మైకు తీసుకోకపోతే.

"ఎందుకు నవ్వుతున్నారు?" అని అడిగారాయన. మామూలుగానే అడిగారు, తెలుసుకుందామని.

హాలంతా టక్కున ఆగిపోయింది. అవధాని గారు లేచి, చేతులు కట్టుకుని, "అయ్యా, సదరు వ్యక్తి కొనుగోలు చేయ సంకల్పించిన సరుకు ఒకటి. వాస్తవముగా కొనుగోలు చేసిన సరుకు మరొకటి. ఈ రెంటికీ మధ్య వ్యత్యాసము ఏర్పడినందున హాస్యము సంభవించినది" అన్నారు.

"ఆ వ్యక్తి ఎవరు?"

"విచారణలో తేలవలసి ఉన్నది అయ్యా."

అక్కడ తెగింది మంగతాయారుకి. లోపల్నించి నవ్వు కొండచిలువలా లేచింది. నోరు బిగించింది, ముక్కు బిగించింది, చీర కొంగు పళ్ళ మధ్య కొరికి పట్టుకుంది, మేనమామ చావు, అత్తగారి చావు, తన చావు అన్నీ తలుచుకుంది. పైన ఎంత బిగిస్తే కింద అంత వదిలిపోయింది. రెండు ప్యాడ్లూ ఏ మూలకీ రాలేదు. వెచ్చగా రెక్సిను మీదుగా పాకుతోంది. బాత్రూం దారి ఎదురుగా, బీరువాలు లేకుండా, రాజబాటలాగా కనిపిస్తోంది. కాళ్ళు వాటంతటవే లేవబోయాయి. మంగతాయారు కుర్చీ చేతులు రెండూ పట్టుకుని, సంతాపసభలో కూచున్నట్టు కూచుంది.

అందరూ బల్బు వైపు చూశారు. బల్బు వెలగలేదు.

ఎండీ గారు నవ్వుమొహంతోనే జోకు మళ్ళీ చెప్పారు. వెలగలేదు. ఈసారి నవారు దగ్గర గొంతు పెంచి చెప్పారు. ఆఖరి వరసలో షమీమ్ ముందు కుర్చీ వెనక తల దాచుకుని వణికిపోతోంది. మంగతాయారు కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. మొహం మాత్రం నవారులా బిగుసుకుపోయి ఉంది.

"ఆవిడ లేవలేదు కదా. అంటే మీ జోకుకి నవ్వు రానట్టేనా?" అన్నారు సెక్రటరీ గారు, పక్కాయన బల్బు సంగతి చెవిలో చెప్పాక.

ఎండీ గారి మొహం పాలిపోయింది. గోనెసంచుల చైర్మన్ కుర్చీ కాస్త దూరం జరుపుకున్నాడు. అప్పుడు అవధాని గారు సంస్థని కాపాడారు. "అయ్యా, జోకునందు లోపము లేదు. పరికరము చెడినది."

"అయితే బాగుచేయించండి" అన్నారు సెక్రటరీ గారు, గడియారం చూసుకుంటూ.

ఎండీ గారు వేదిక మీదే సంతకం పెట్టారు. "సదరు అధికారిణి పనితీరులో లోపము తలెత్తినందున సోమవారము లోపల తగు మరమ్మతు చేయించవలెను. ఇది అత్యవసరము."

హాలు ఖాళీ అయ్యేదాకా మంగతాయారు కదల్లేదు. షమీమ్ తన బురఖా తెచ్చి భుజాల మీంచి కిందిదాకా కప్పింది. ఇద్దరూ కారిడార్లో నడుస్తుంటే అవధాని గారు ఎదురొచ్చి, "మీరేమీ దిగులుపడవద్దు. త్వరలో మునుపటివలె పనిచేస్తారు" అని ధైర్యం చెప్పారు.

ఆపరేషన్ అరగంటలో అయింది. మర్నాడు కాస్త కుంటుతూ, కాస్త ముక్కుతూ ఇంటికెళ్ళింది. వారాలు గడిచాయి. ఒకనాడు వంటింట్లో తుమ్మొచ్చింది. అలవాటుగా కాళ్ళు ముడుచుకుని నిలబడింది. తుమ్మింది. ఏమీ కాలేదు. నమ్మకం కుదరక కాస్త మిరియాల పొడి వాసన చూసి మరీ తుమ్మింది.

ఆఫీసులో చేరిన రోజు పాత ఏర్పాట్లన్నీ అలాగే ఉన్నాయి, రెక్సిను కుర్చీ మాత్రం కొత్తది. ఎండీ గారు కంగారుగా జోకు చెప్పారు. "ఒకాయన మన షోరూంకి వచ్చి, ఏమీ కొనకుండా వెళ్ళిపోయాడు."

"దీనికి హాస్యము ఎటుల సంభవించినదో నేను వివరించెదను" అని అవధాని గారు లేచారు.

మంగతాయారు నవ్వింది. ఇన్నేళ్ళ బాకీ నవ్వంతా నవ్వింది. కుర్చీలో వెనక్కి వాలి, కాళ్ళు చాపి, నోరంతా తెరిచి, పక్కనున్న అకౌంటెంటు భుజం మీద చరిచి నవ్వింది.

"నవ్వుతోంది కదండీ" అన్నారు ఎండీ గారు ఆశగా.

అవధాని గారు బల్బు చూశారు, బాత్రూం దారి చూశారు. "నవ్వుచున్నట్లు కనబడుచున్నది గానీ లేవలేదు అయ్యా. లేవలేదు కనుక నవ్వలేదు."

మంగతాయారు ఇంకా గట్టిగా నవ్వింది. ఆ నవ్వు ఎంతకీ ఆగకపోవడంతో, నవ్వులేని మనిషిగా నిర్ధారించి ఆవిణ్ణి ఆ పదవి నుంచి తప్పించారు.

ఖాళీ అయిన పదవికి, సదరు ఇబ్బంది కలిగిన మహిళలు ముందుకు రావలెనని సర్క్యులర్ వేశారు. ఎవరూ రాలేదు. కానీ ఆ మధ్యాహ్నం రికార్డు రూం రాజ్యలక్ష్మి మంగతాయారు సీటు దగ్గరికొచ్చి ఏదో వెతుకుతున్నట్టు నిలబడి, "ఆ డాక్టరమ్మ పేరేంటన్నావ్?" అంది. తర్వాత అకౌంట్స్ నుంచి ఇద్దరొచ్చారు. తర్వాత షోరూం ఆవిడ. సాయంత్రానికి లేడీస్ బాత్రూం ముందు మంగతాయారు చుట్టూ చిన్న జాతరలా ఉంది. అందరివీ ముదురు రంగు చీరలే. అందులో ఒకావిడ అవధాని గారి భార్య. ఆయన మర్చిపోయిన క్యారేజీ ఇవ్వడానికి వచ్చిందట.

నెల తిరిగేసరికి సెలవు అర్జీలు ఎండీ గారి బల్ల మీద దొంతరగా చేరాయి. అన్నిట్లోనూ అదే ఆపరేషను. ఆయన ఒక్కొక్కటీ చదివి, కళ్ళజోడు తీసి పక్కన పెట్టారు. సంస్థలో ఇన్ని పరికరాలు ఉన్నాయని తెలియక, ఇన్నాళ్ళూ ఒక్కదానితో సరిపెట్టుకున్నామే అని ఆయనకి తీరని బాధ మిగిలిపోయింది.